మామ నోట్లో బల్లి

మొన్న ఆదివారం మా అమ్మ చింతపండు పిసుకుతూ, "ఈసారి వానలు మంచిగ పడ్తయి" అన్నది. అన్నదో లేదో, ట్యూబులైటు వెనకనుంచి బల్లి పలికింది. అమ్మ తడి వేలితో నేలమీద మూడుసార్లు తట్టి, అందరిలాగే "సత్యం" అనబోయి ఆగి, "మా అన్న పలికిండు" అన్నది. మా ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ చివరికి అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. మామ పోయి రెండేళ్లవుతోంది. పోయినవాళ్లను లోకమంతా ఫొటోల్లో చూసుకుంటుంది, మేం బల్లిలో చూసుకుంటున్నాం. ఇదేం పిచ్చి అనుకోకండి. ఆ మనిషి నోటి సంగతి తెలిస్తే మీరూ నేల తడతారు.

మామకు మెదక్ బస్టాండు వెనక సందులో మోటార్లు వైండింగు చేసే దుకాణం ఉండేది. అల్లాదుర్గ్ నుంచి, చేగుంట నుంచి రైతులు కాలిపోయిన బోరు మోటార్లను ఆటోల్లో వేసుకొచ్చేవాళ్లు. రాగితీగ మళ్లీ చుట్టేసరికి సగం రోజు పడుతుంది. అంతసేపూ రైతు ఎక్కడికీ పోలేడు, మామ ఎదురుగా స్టూలు మీద కూర్చోవాల్సిందే. ఆ సగం రోజులో వాళ్లింట్లో పిల్లలెందరు, ఎవరేం చదివారు, ఎవరికి కోపం ఎక్కువ, ఎవరికి పొద్దున లేవడం చేతకాదు, అన్నీ రాబట్టేవాడు. సాయంత్రానికి మోటారు తయారయ్యేది. ఒక్కోసారి సంబంధం కూడా తయారయ్యేది. "మోటరైనా మనిషైనా లోడు చూసి కట్టాలె బిడ్డా. చిన్న మోటరుకు పెద్ద లోడు వెడ్తె కాలి బుగ్గయితది" అనేవాడు. సంబంధాల గురించి ఆయనకు తెలిసిన శాస్త్రమంతా అదే. జాతకాలు ఆ తర్వాత.

అందుకే మెదక్ చుట్టుపక్కల మావాళ్ల పూలుపండ్లు ఆయన లేకుండా జరిగేవి కావు. పూలుపండ్లంటే పెళ్లి ఖాయం చేసుకునే వేడుక. మగపిల్లవాడి తరఫువాళ్లు పళ్లేల నిండా పూలూ పండ్లూ పట్టుకొని ఆడపిల్ల ఇంటికి వస్తారు. రెండువైపుల పెద్దమనుషులు జంపఖానా మీద ఎదురెదురుగా కూర్చుంటారు. మావాళ్లలో ఇంకో పట్టింపు కూడా ఉంది. తెచ్చిన పండును పెద్దమనిషి అందరి ముందూ కొరికి, మింగి, "ఖాయం" అనాలి. అప్పటిదాకా అన్నీ ఉత్త మాటలే. జంపఖానా మీద ముందువరసలో, గోడకు ఆనుకొని కూర్చునే ఆ చోటు నలభై ఏళ్లు మామదే. ఇంకెవరైనా పొరపాటున అక్కడ కూర్చుంటే, మామ ఏమీ అనకుండా వాళ్ల నెత్తిమీద గోడకున్న క్యాలెండరు సవరిస్తూ నిలబడేవాడు. వాళ్లే లేచేవాళ్లు.

కానీ ఏం లాభం? ఆయనకు పూలూ పడేవి కావు, పండ్లూ పడేవి కావు.

చామంతుల పళ్లెం ముందుకు రాగానే మామకు తుమ్ము వచ్చేది. శుభమా అని పెళ్లి మాటలు మొదలవుతుంటే ఒంటి తుమ్మంటే ఎంత అపశకునమో మీకు చెప్పనక్కర్లేదు. జంట తుమ్ములైతే మాత్రం శుభం. మామ దీనికి ఉపాయం కనిపెట్టాడు. తువ్వాలు కొసను సన్నగా పేని ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకునేవాడు. మొదటి తుమ్ము రాగానే మొహం తుడుచుకుంటున్నట్టు ఆ కొసను ముక్కులో తిప్పేవాడు. రెండో తుమ్ము ఇంటి పైకప్పు అదిరేలా వచ్చేది. "నా తుమ్ములు ఆలుమగలు. ఒకటి వోతే ఇంకోటి ఇంట్ల ఉండదు" అని అందరినీ నవ్వించి గండం గట్టెక్కేవాడు.

పండ్లతో అంత తేలిక కాదు. అరటిపండో, ఖర్బూజ ముక్కో, కీర ముక్కో నోట్లో పడగానే పెదవులు చిమచిమలాడేవి. నాలుక మీద చీమలు పాకినట్టుండేది. అంగిలి దురద పెట్టేది. అంగిలిని ఎవరూ వేలితో గోక్కోలేరు కదా, అందుకని నాలుకను పైకి అంటించి టక్ టక్ మని లాగేవాడు. ఒకసారి ఎవరి పూలుపండ్లలోనో అలా టక్ మనిపించగానే ఒక ముసలమ్మ గోడవైపు దండం పెట్టి, "బల్లి వలికింది, సత్యం సత్యం!" అని నేల తట్టిందట. అందరూ తట్టారట. మామకు జ్ఞానోదయమైంది. ఆనాటినుంచి దురద పుట్టినప్పుడల్లా ముందు గోడ మూలకు చూసేవాడు, ఆ తర్వాత టక్ మనిపించేవాడు. జనం బల్లి కోసం పైకి చూసేలోగా మిగిలిన పండు తువ్వాల్లోకి పోయేది. ఆయన కుదిర్చిన సంబంధాలకు బల్లి ఒప్పుకోలు ఉంటుందని మెదక్‌లో పేరు పడిపోయింది. కొందరైతే బల్లి పలికేదాకా కాఫీ కూడా ముట్టేవాళ్లు కాదు.

ఈ గుట్టు ఇంట్లో అత్తకు మాత్రమే తెలుసు. నాకు తెలిసింది షేర్ ఆటోలో. చేగుంట నుంచి వస్తున్నాం. రోడ్డు పక్కన ఉప్పూకారం చల్లిన కీర ముక్కలు అమ్ముతుంటే మామ మనసు ఆగలేదు. ఒక ముక్క తిన్నాడు. రెండు నిమిషాలకు టక్ టక్. పక్కనున్నావిడ భక్తిగా ఆటో సీటు తట్టింది. నేను బడిలో పిల్లలకు జీవశాస్త్రం చెప్పేదాన్ని. ఊరుకుంటానా?

"మామా, నడిచే ఆటోల బల్లేంది?" అన్నాను.

"ఇంజను పక్కపొంటి ఉంటది" అన్నాడు.

"మరి నీ చెంప ఎందుకు కదిలింది?"

మెదక్ పెద్దచర్చి గోపురం కనబడేదాకా మామ బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఆటో దిగాక నెమ్మదిగా చెప్పాడు. "నేను పండును కొరికితే అది నన్ను కొరుకుతది బిడ్డా. ఎవలకు చెప్పకు."

ఎవరికీ చెప్పలేదు, డాక్టరమ్మకు తప్ప. దవాఖానాకు రానని మొరాయించిన మనిషిని, పక్క గదిలో ఒక మంచి సంబంధం కూర్చుందని అబద్ధం చెప్పి తీసుకుపోయాను. డాక్టరమ్మ నోరు తెరిపించి చూసి ప్రశ్నలు మొదలుపెట్టింది.

"అరటికాయ కూర తింటే ఏమైతది?"

"ఏం కాదు. గిన్నెడు తింట."

"మరి అరటిపండు?"

"మూతి మంటలు లేస్తయి."

"తుమ్ములు ఎప్పుడెక్కువ?"

"వానలు పడ్డంక. మా ఇంటెనుక మోరి పొంటి తెల్లపూల గడ్డి ఉంటది. అది పూసినప్పుడు నేను మనిషిని కాను."

ఆమె పట్నం పంపి చేతిమీద సూదిపోట్ల పరీక్ష చేయించింది. అన్ని పోట్లూ చీమకుట్టినట్టు ఉంటే, ఆ తెల్లపూల గడ్డి పోటు ఒక్కటే బొబ్బలా లేచింది. ఆ గడ్డి పేరు వయ్యారిభామ. ఇంటికొచ్చి, "నా రోగానికి కారణం వయ్యారిభామట" అని మామ చెప్పగానే అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. మోరి కాలువ దగ్గరికి తీసుకుపోయి మొక్కను చూపించేదాకా ఆయనకు అన్నం పెట్టలేదు.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఆ పూల పుప్పొడిని పీల్చీ పీల్చీ ఒంట్లో దానిమీద పగ పుట్టింది. ఉడికించని కొన్ని పండ్లలో ఉండే ఒక పదార్థం అచ్చం ఆ పుప్పొడిలో ఉన్నదానిలాగే ఉంటుంది. నోరు పోల్చుకోలేక, శత్రువు వచ్చాడనుకొని ఎగబడుతుంది. ఉడికిస్తే ఆ పదార్థం రూపు మారిపోతుంది, నోరు గుర్తుపట్టదు. మామ చెవులు రిక్కించి విన్నాడు. ఇది ఆయన రంగం.

"అంటే గడ్డికి, ఖర్బూజకు చుట్టరికం ఉన్నదన్నట్టు. గడ్డితోని మనకు లొల్లి. దాని మేనబావ ఇంటికొస్తే మొఖం పోలికలు చూసి మనోడు కొట్లాటకు వోతుండు. ఉడకవెడ్తె పోలికలు వోతయి."

"నేను ఇరవై మందికి చెప్తే ఒకరికి గూడ గింత మంచిగ అర్థం కాలే" అంది డాక్టరమ్మ. మామ ఒక శుభలేఖ వెనక వంశవృక్షం గీసుకున్నాడు. మధ్యలో వయ్యారిభామ. చుట్టూ వియ్యపువాళ్లుగా ఖర్బూజ, కీర, పుచ్చకాయ, అరటిపండు. జామపండు ఎటువైపు చుట్టమో తెలియక పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాడు. "ఒకల మూతికి పడనిది ఇంకొకలకు పడ్తదట. గీ చుట్టరికాలు ఇల్లిల్లుకూ వేరే" అనేవాడు.

ఇక అత్త రాజ్యం మొదలైంది. అరటిపండ్లను ఇడ్లీ పాత్రలో ఉడికించింది. కీరతో పప్పు, ఖర్బూజతో బెల్లం పాకం. గడ్డి పూతకు రాకముందే చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ కట్టుకొని నేనూ అత్తా మోరి పొడుగునా పీకేశాం. మామను ఆ పక్కకు రానివ్వలేదు. బయటినుంచి రాగానే కాళ్లూ చేతులూ మొహం కడుక్కోవాలి, పూతకాలంలో పొద్దున కిటికీలు మూయాలి. మామ అన్నిటికీ తలవంచాడు. తల ఎగరేసింది ఒక్కదానికే.

"ఉడకవెట్టని పండ్లు ముట్టద్దు" అని చెప్పింది డాక్టరమ్మ. "పొరపాటున తిని దురద వుడ్తె ఉమ్మేసి నోరు పుక్కిలించండ్రి, నేను రాసిచ్చిన గోళీ వేసుకోండ్రి. గోళీ ఉన్నది గదా అని పండు తినుడు కాదు. గొంతు పట్టేసినట్టున్నా, గొంతు బొంగురువోయినా, దమ్ము ఆడకున్నా, కండ్లు తిరిగినా ఒక్క నిమిషం ఆగకుండ దవాఖానకు రావాలె."

"మరి జంపఖాన మీద?" అన్నాడు మామ.

"ఎక్కడైనా అంతే. మొహమాటానికి నా దగ్గర మందు లేదు."

తిరిగి వస్తూ మామ నాతో అన్నాడు. "ఇంట్ల నువ్వు చెప్పినట్టు వింట బిడ్డా. జంపఖాన మీద వినను. తుమ్మెటోన్ని, పండు వడనోన్ని శుభానికి ముందు వరసల ఎవడు కూసోవెడ్తడు? బల్లి అబద్ధమని తెలిస్తే నలభై ఏండ్ల సంబంధాలు అనుమానంల వడ్తయి. దుకాణం బందువెట్టమంటే వెడ్త. ఆ జాగలకెళ్లి లెవ్వుమంటే మాత్రం నేను బతుకను." నాకు ఒళ్లు మండింది. చాప మీద చోటు కోసం మూతి కాల్చుకునే మనిషిని ఏమనాలి? అయినా ఎవరికీ చెప్పనని మాటిచ్చాను కాబట్టి నోరు మూసుకున్నాను.

ఏడాది తిరక్కముందే నా పూలుపండ్లు వచ్చాయి. అబ్బాయివాళ్లది అల్లాదుర్గ్ దగ్గర పల్లె. మామే చూసిన సంబంధం, నాకు బాగా నచ్చిన సంబంధం. అత్త ముందే పథకం వేసింది. ఒక అరటిపండును తొక్కతోనే ఉడికించి, చల్లార్చి, వాళ్ల పళ్లెం రాగానే పైన పెట్టేస్తుంది. మామ దాన్నే అందుకుంటాడు. అంతా బాగానే ఉంది, ఉడికిన అరటిపండు బొగ్గులా నల్లబడిందన్నది తప్ప. అబ్బాయి పెద్దమ్మ దాన్ని చూసి మొహం చిట్లించి, "గీ కుళ్లిపోయింది ఎవలు వెట్టిండ్రు?" అని తీసి కిటికీలోంచి బయటికి విసిరేసింది.

పైగా అబ్బాయి తండ్రి ఖర్బూజ రైతు. బజారు పండ్లు తేవడం ఆయనకు నామోషీ. చేనులోంచి ఆ పొద్దున కోసిన ఖర్బూజలు పదకొండు తెచ్చాడు. ఒకటి అక్కడే కోశాడు. గదంతా తియ్యటి వాసన. పెద్ద ముక్కను స్వయంగా మామ నోటికి అందించాడు. "మా చేన్ల మొదటి కాపు అన్నా. మీరే బోణీ చెయ్యాలె" అన్నాడు. తువ్వాల్లో దాచే వీలు లేదు. మామ తిన్నాడు. ఆయన పొంగిపోయి రెండో ముక్క పెట్టాడు. అదీ తిన్నాడు. వంటింటి గుమ్మంలో అత్త నుదురు కొట్టుకుంది.

టక్ మన్నది. గదిలో ముప్ఫై మంది "సత్యం" అని నేల తట్టారు. మళ్లీ టక్. మళ్లీ తట్టారు. టక్ టక్ టక్ టక్. జనం తట్టీ తట్టీ వేళ్లు విదిలించుకుంటున్నారు. "ఏం బల్లిరా నాయినా, గుక్క తిప్పుకుంటలేదు" అన్నారెవరో. మామ గోడ మూలకు చూడటం కూడా మరిచిపోయాడు. పెదవులు ఉబ్బి ముందుకొచ్చాయి. ఇక "ఖాయం" అనాలి. నోరు తెరిచాడు, మాట రాలేదు. చెయ్యెత్తి ఆగమన్నాడు. అబ్బాయి తండ్రి మొహం వాడిపోయింది. "ఏమన్నా, పిల్లనిచ్చుడు ఇష్టం లేదా?" అన్నాడు.

నా పెళ్లి పోతోందని కాదు, మామ గొంతు ఏమవుతుందోనని నా భయం. పెళ్లికూతురు తల ఎత్తకూడదని అమ్మ పొద్దుటినుంచి చెబుతూనే ఉంది. లేచి నిలబడి అరిచాను. "మామకు పచ్చి పండు వడదు! అది బల్లి కాదు, మా మామ!"

నేల తట్టబోయిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. నేను పూలదండలతోనే జంపఖానా మీదికి దూకి, నీళ్లిచ్చి పుక్కిలింపజేసి, గోళీ వేయించాను. "మామా, గొంతు వట్టేస్తుందా? దమ్ము ఆడుతుందా? కండ్లు తిరుగుతున్నయా?" అని అడిగాను. లేదు, మూతి ఒక్కటే అని సైగ చేశాడు. డాక్టరమ్మకు ఫోను చేస్తే, గంటసేపు కళ్లముందు కూర్చోబెట్టుకొమ్మనీ, ఏ కాస్త తేడా కనిపించినా వెంటనే తీసుకురమ్మనీ చెప్పింది. ఆటో గుమ్మం ముందే పెట్టించాం. ఉబ్బు మెల్లగా తగ్గుతుంటే మామ నావైపు కోపంగా చూశాడు. తువ్వాలు భుజాన వేసుకొని, ఎవరూ చెప్పకముందే లేచి, వెనకాల చెప్పులు విడిచేచోట పోయి కూర్చున్నాడు.

అబ్బాయి తరఫు పెద్దాయన ఒకడు గొణిగాడు. "బల్లి ఉత్తదేనా? గట్లయితే ఇది ఖాయమెట్లయితది? అసలు నా లగ్గంల పలికిన బల్లి ఎవలు?"

మామ వెనకనుంచి చెయ్యెత్తాడు. "నీ లగ్గంల అరటిపండు. రెండు దినాలు మూతి మండింది."

"మరి మా చెల్లె లగ్గంల?"

"కీర. పండ్లు దొరకలేదని మీ నాయిన కీర కోసిండు."

ఒకరి తర్వాత ఒకరు అడుగుతూనే ఉన్నారు. గదిలో సగం జంటలు ఆయన కలిపినవే. ఏ పెళ్లికి ఏ పండు తిన్నాడో, ఎంత మండిందో మామకు అన్నీ గుర్తున్నాయి. అడిగినకొద్దీ గొంతులు తగ్గుతూ వచ్చాయి. అబ్బాయి తండ్రి కాసేపు విని, గొణిగిన పెద్దాయనవైపు తిరిగాడు. "నీ ముగ్గురు పిల్లల్ని బల్లి కన్నదా కాకా? సంబంధం చూసింది మనిషి, నిలవెట్టుకుంది మీరు." లేచి పోయి మామ చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, తుమ్మితే తుమ్ముండ్రి. ఆ జాగ మీది. వచ్చి కూసోండ్రి. పండు తినకుంటనే ఖాయం అనుండ్రి."

మామ వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. "ఖాయం" అన్నాడు. అంతమందిలో ఏడుపు ఆపుకోవడం నావల్ల కాలేదు.

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి అత్త గొంతు వినిపించింది. "ఏమయ్యో, అందరి లగ్గాలు చెప్పినవ్. మన లగ్గంల ఏం తిన్నవ్?"

మామ తల దించుకున్నాడు. తువ్వాలు కొస పేనుతూ కూర్చున్నాడు. చివరికి, "అరటిపండు" అన్నాడు.

"ఎవలు వెట్టిండ్రు?"

"నువ్వే. గప్పుడే సురూ అయింది. అంతకుముందు నాకు ఏ పండుతోని ఏం కాలే."

"నా పండుతోనే సురూ అయిందని గన్నేండ్ల సంది నాకు చెప్పకపోతివి?"

"చెప్తే మల్ల నీ చేత్తోని ఏమన్న వెడ్తువా?"

అత్త జంపఖానా మీదికి వచ్చి, అంతమంది ముందూ కొంగుతో ఆయన మూతి తుడిచింది. ఖర్బూజ పళ్లెం ఎత్తుకొని వంటింట్లోకి పోయింది. డాక్టరమ్మ చెప్పిన గంటా దాటి, ఆ ముక్కలు బెల్లంలో ఉడికి, చల్లారి, ఆమె చేత్తో ఆయన నోట్లోకి పోయేదాకా పూలుపండ్లకు వచ్చినవాళ్లలో ఒక్కరూ లేవలేదు.